తప్పు ఒప్పుకున్న స్నేహితుడికి మారుమనస్సు గురించి ఎలా చెప్పాలి?

వందనాలు తమ్ముడూ. వయసులో పెద్దదాన్ని, నువ్వు అనే పిలుస్తాను, ఏమీ అనుకోకు.

మిగతావాళ్ళకీ అర్థమవ్వాలి కాబట్టి నువ్వు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను. హైదరాబాదులో నీతో ఒకే రూములో ఉంటున్న స్నేహితుడు బెట్టింగ్ యాప్‌లలో డబ్బు పోగొట్టుకున్నాడు. దాన్ని పూడ్చడానికి లోన్ యాప్‌లలో అప్పు చేశాడు. ఆఖరికి అక్క పెళ్ళికని ఇంట్లోవాళ్ళు వాడి అకౌంట్లో ఉంచిన డబ్బు కూడా వాడేశాడు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక రాత్రి నీ దగ్గర మొత్తం చెప్పి ఏడ్చాడు. వాళ్ళది హిందూ కుటుంబం, అమ్మగారికి భక్తి ఎక్కువ. మీ చర్చి సంఘంలో ఒకాయన "నరకం గురించి గట్టిగా చెప్పు, అప్పుడే మారతాడు" అన్నాడు. ఇంకొకాయన "శుక్రవారం కూడికకి తీసుకురా, అప్పులన్నీ తీరిపోతాయి" అన్నాడు. ఆ రెండు మాటలూ నీకు నోరు రావడం లేదు. మారుమనస్సు (తప్పు ఒప్పుకుని బతుకు దేవుని వైపు తిప్పుకోవడం) గురించీ, మనకున్న నిరీక్షణ (దేవుని మీది ఆశ) గురించీ వాడికి ఎలా చెప్పాలి, అసలు ఈ సమయంలో చెప్పవచ్చా, చట్టం ఏమంటుంది అని నీ ప్రశ్న.

ఆ రెండు మాటలకీ నోరు రాకపోవడమే మంచిదయింది. అలాగే ఉండనివ్వు.

మా ఆయన పాస్టరు. ప్రకాశం జిల్లా పల్లెల్లో ఇద్దరం చాలా ఏళ్ళు ఇంటింటికీ తిరిగాం. ఆయన రిటైరయ్యారు కానీ నన్ను మాత్రం జనం ఇంకా రిటైర్ కానివ్వలేదు. పాస్టరుగారికి చెప్పుకోలేని సంగతులు చాలామంది పాస్టరమ్మకి చెప్పుకుంటారు. ప్రసంగపీఠం మీద నుంచి కాకుండా, మంచం పక్కన, పొయ్యి దగ్గర సువార్త చెప్పడం నాకు అలా అలవాటైంది. నీకు కావలసిందీ ఆ రకమే.

ముందుగా సువార్తతో సంబంధం లేనట్టు కనిపించే ఒక పని చెయ్యి. వాడు "చచ్చిపోతే బాగుండు" లాంటి మాట అన్నాడో లేదో నువ్వు రాయలేదు. అడుగు. డొంకతిరుగుడు లేకుండా "ప్రాణం తీసుకోవాలని అనిపిస్తోందా?" అనే అడుగు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. అవునంటే వాణ్ణి ఆ రాత్రి ఒంటరిగా వదలకు. మానసిక ఆరోగ్య సహాయం ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416కి ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి. అది ప్రభుత్వానిది, ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. లోన్ యాప్ వాళ్ళు ఫోటోలు మార్చి కాంటాక్టులందరికీ పంపుతామని బెదిరిస్తుంటే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ వాళ్ళకి ఫిర్యాదు ఇవ్వాలి. వచ్చిన మెసేజీలు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టమను. "ప్రార్థనలో పెట్టాం కదా" అని ఈ పనులు మాత్రం వాయిదా వేయకు. ప్రార్థన చేస్తూనే ఫోన్ చేయవచ్చు.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన బైబిల్లోనే ఇలాంటి మనిషి ఒకడున్నాడు. మనం అతని గురించి ఎప్పుడూ ఒక్క వైపే ప్రసంగిస్తాం. డబ్బు తీసుకుని యేసుని పట్టించిన శిష్యుడు, యూదా ఇస్కరియోతు. ద్రోహి అని చెప్పి వదిలేస్తాం. మత్తయి 27వ అధ్యాయం మళ్ళీ తీసి చదువు. అతను పశ్చాత్తాపపడ్డాడు. ముప్పై వెండి నాణేలు వెనక్కి తెచ్చాడు. "పాపం చేశాను" అని నోటితో ఒప్పుకున్నాడు. మన కూడికల్లో ముందుకొచ్చి ఏడ్చేవాళ్ళలో ఎంతమంది డబ్బు వెనక్కి ఇస్తారు చెప్పు? మరి ఎక్కడ తప్పింది? అతను ఒప్పుకున్నది ప్రధాన యాజకుల దగ్గర. వాళ్ళు ఏమన్నారు? "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. పాపి మాట వినడమే పనిగా ఉన్న యాజకులు ఆ మాటన్నారు. అతను ఆ నాణేలు దేవాలయంలో పారేసి వెళ్ళి ఉరి వేసుకున్నాడు.

యేసుని పట్టించిన ఆ రాత్రే ఇంకో శిష్యుడు పేతురు కూడా పడిపోయాడు. యేసు ఎవరో ఎరగను, ఎరగను అని మూడుసార్లు బొంకి, కోడి కూశాక బయటికెళ్ళి ఏడ్చాడు. కానీ తర్వాత అతను మిగతా శిష్యుల మధ్యే కనిపిస్తాడు. వాళ్ళు వెళ్ళగొట్టలేదు. యోహాను 21లో తిబెరియ సముద్రం ఒడ్డున యేసు నిప్పులు పోసి, చేపలు కాల్చి, ముందు "రండి, భోజనం చేయండి" అంటాడు. వాళ్ళు తిన్న తర్వాతే పేతురుని "నన్ను ప్రేమిస్తున్నావా?" అని మూడుసార్లు అడుగుతాడు. పేతురు మనసు నొచ్చుకుంటుంది కూడా. తప్పును కప్పిపెట్టలేదు, దాచలేదు. కానీ అడిగింది పొట్ట నిండాక, అడిగింది ప్రేమ గురించి, అడిగిన వెంటనే పని అప్పజెప్పాడు.

ఇద్దరి ఏడుపూ ఏడుపే. తేడా ఎక్కడుందంటే, ఒకడికి తిరిగి వెళ్ళడానికి ఒక చోటు ఉందని నమ్మకం ఉంది, ఇంకొకడికి అది మిగల్లేదు. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 7:10లో రెండు రకాల దుఃఖాల సంగతి చెబుతాడు. ఒకటి మారుమనస్సుకి తీసుకెళ్తుంది, ఇంకొకటి మరణానికి. నీ రూమ్మేట్ దుఃఖం ఇప్పుడు ఎటైనా తిరగవచ్చు. ఇలాంటివాడి దగ్గర నరకం గురించి గట్టిగా చెప్పమన్న పెద్దాయనకి నా నమస్కారం చెప్పు. వాడు ఇప్పటికే అందులో ఉన్నాడు, కొత్తగా వర్ణించి చెప్పనవసరం లేదు.

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి సువార్త పని "దానితో మాకేమి" అనకుండా ఉండటం. ఆ రాత్రి కూర్చుని విన్నావు చూడు, అక్కడే మొదలైపోయింది. ఇంకా మొదలుపెట్టలేదని నువ్వు టెన్షన్ పడుతున్నావు.

ఇక మారుమనస్సు మాట. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో పేతురు "మారుమనస్సు పొందుడి" అన్నాడని అందరికీ తెలుసు. ఆ పై వచనం చూడు. జనం హృదయంలో నొచ్చుకుని, "సహోదరులారా, మేమేమి చేయాలి?" అని వాళ్ళే అడిగారు. ఆ ప్రశ్నకి జవాబుగా వచ్చిన మాట అది. అడగని మనిషి మీద ఆ మాట వేస్తే తిట్టులా తగులుతుంది. బస్టాండులో మైకు పెట్టి అరిచే వాళ్ళ మాట జనానికి ఎక్కకపోవడానికి సగం కారణం ఇదే. అలాగని, అడిగినప్పుడు "పర్లేదులే, అందరూ చేసేదే" అని తేల్చేయడం కూడా మోసమే. అక్క పెళ్ళి డబ్బు పోయింది. అది చిన్న సంగతని నువ్వన్నా వాడు నమ్మడు. పైగా వీడికి నా బాధ అర్థం కాలేదనుకుంటాడు.

వాడు ఏదో ఒక రోజు "ఇప్పుడేం చేయాలిరా?" అంటాడు. చాలామంది అంటారు. అప్పుడు సుంకం వసూలు చేసే జక్కయ్య సంగతి చెప్పు, లూకా 19. నాకు ఆ కథలో బాగా నచ్చేది యేసు మాట్లాడని చోటు. సుంకపు డబ్బు గురించి ఒక్క ప్రశ్న వేయడు. "నేడు నేను నీ ఇంట ఉండవలసియున్నది" అంటాడు, అంతే. ఊరంతా సణుగుతుంది. లెక్కలు తీసింది జక్కయ్యే. ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానంటాడు. అప్పుడు గానీ "నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చియున్నది" అనే మాట రాదు. ప్రేమ ముందు వచ్చింది, లెక్క వెనకాల వచ్చింది. కానీ లెక్క మాత్రం వచ్చింది. ఇది మర్చిపోయి మన సంఘాల్లో మారుమనస్సంటే కన్నీళ్ళనుకుంటున్నారు.

మా పక్క ఊళ్ళో ఒకాయన ఉండేవాడు. ప్రతి ఏడూ కూడికల్లో అందరికంటే ముందు ఏడ్చేవాడు. దున్నినప్పుడల్లా పక్కవాడి పొలంలోకి ఒక్కో సాలు జరుపుకుంటూ గట్టు మింగేశాడని ఊరందరికీ తెలుసు. ఆ పక్క పొలం ఆయన హిందువు, పాపం గొడవపడలేక ఊరుకునేవాడు. ఒక ఏడు కూడికలయ్యాక ఏడవని మనిషి ఒకడు కనిపించాడు, అది ఈయనే. వారం తర్వాత సర్వేయరుని పిలిపించి, తన ఖర్చుతో కొలిపించి, గట్టు పాత చోటికి జరిపించాడు. మేము చేసిన ఇంటింటి సువార్తకి ఎప్పుడూ తలుపు తీయని ఆ పక్క పొలం ఆయన, సాయంత్రం మా ఇంటికొచ్చి "మావాడికి ఏం చెప్పారండీ మీరు?" అని అడిగాడు. మా ఆయన ఆ రోజు ఎక్కువసేపు మాట్లాడలేదు. టీ ఇచ్చి, జక్కయ్య కథ చదివి వినిపించారు.

డోర్నకల్ బిషప్ అజరయ్యగారి కాలంలోనూ ఇలాగే జరిగింది. 1912లో ఆయన బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళని తమ తల మీద చేయి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పౌలు అన్న మాటను సొంత మాటగా చెప్పమనేవారు. మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చి, చదువు కూడా లేని ఆ మనుషుల బతుకుల్లో మార్పు చూసి, తర్వాతి కాలంలో ఊళ్ళోని ఇతర కులాలవాళ్ళు కూడా ఆ విశ్వాసం వైపు చూశారు. గొప్ప వాదనలు చేసి గెలిచింది కాదు.

నీ రూమ్మేట్ విషయంలో గట్టు అంటే అక్క. దేవుని దగ్గర ఒప్పుకుని అక్క దగ్గర దాచిపెడితే అది సగం పనే. ఆ ఫోన్ కాల్ వాడే చేయాలి, నువ్వు చేయకూడదు. కానీ ఆ సమయంలో నువ్వు పక్కన కూర్చోవచ్చు. ముందు రోజు కూర్చుని ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక కాగితం మీద మొత్తం రాయించు. తగ్గించి రాస్తాడు, అందరూ మొదట తగ్గించే రాస్తారు. రెండోసారి రాయించు. యాప్‌లు తీసేయించు, జీతం పడే అకౌంటు కొన్నాళ్ళు ఇంట్లోవాళ్ళకి కనిపించేలా పెట్టుకోమను. నువ్వు మాత్రం అప్పు ఇవ్వకు. ఇస్తే స్నేహం లెక్కల్లోకి వెళ్ళిపోతుంది, సువార్త నీ డబ్బు పక్కన నిలబడుతుంది. అన్నం పెట్టు, రూము అద్దె ఒక నెల నువ్వు చూసుకో, అంతవరకే.

ఈ మాట దగ్గర మా ఒంగోలు సంగతి ఒకటి చెప్పాలి. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువులో జనం ఆకలితో రాలిపోతుంటే, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. ఆ పనిలో ఉన్నవాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమోనన్న అనుమానంతో ఏడాదికి పైగా ఆపేశాడు. కరువు పని ముగిసి, ఇక ఆయన దగ్గర పంచడానికి ఏమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. అప్పుడు 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మావాళ్ళు ఆ అంకెని గర్వంగా చెప్పుకుంటారు. నాకైతే ఆ అంకె కంటే దానికి ముందు ఆపిన కాలమే పెద్దదిగా కనిపిస్తుంది. మనిషి అవసరంలో ఉన్నప్పుడు ఇచ్చిన సాయానికి విశ్వాసాన్ని వెలగా అడగకూడదని ఆయనకు తెలుసు. వాడి అప్పుల గొడవ నడుస్తున్నంతకాలం నువ్వు కూడా "ప్రభువుని అంగీకరిస్తావా" అనే ప్రశ్న వేయకు. వాడు అడిగితే చెప్పు, తొందరపెట్టకు.

ఆ బాప్తిస్మాల ఉద్యమం కూడా క్లౌ దొర ప్రసంగాలతో మొదలవలేదు. యెర్రగుంట్ల పేరయ్య అని తోళ్ళ వ్యాపారం చేసే మాదిగాయన 1866లో బాప్తిస్మం తీసుకుని, తన చుట్టాలున్న పల్లెలన్నీ తిరిగి, తనకి తెలిసింది తన మాటల్లో చెప్పాడు. నీ స్నేహితుడితో మాట్లాడటానికి నీకు వేదాంత కళాశాల డిగ్రీ అవసరం లేదని చెప్పడానికే ఇది.

ఇక నిరీక్షణ. ఇక్కడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. "కూడికకి తీసుకురా, అప్పులు తీరిపోతాయి" అన్న మాట వినడానికి విశ్వాసంలా ఉంటుంది. కానీ ఆలోచించు. బెట్టింగ్ యాప్ వాడికి ఏం చెప్పింది? ఇంకొక్కసారి వెయ్యి, ఈసారి మొత్తం వచ్చేస్తుంది అని. మనం కూడా వాడి చెవిలో అదే చెబితే ఎలా? ఈ నెల నీకు ఆర్థిక విడుదల, విత్తనం నాటు, నూరంతలు వస్తుంది అని యూట్యూబులో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. జూదం అలవాటున్న మనిషికి ఆ ప్రసంగాలు విషం. అలాంటివి వాడికి ఒక్కటి కూడా ఫార్వార్డ్ చేయకు. వాడి దగ్గర మిగిలిన ఐదు వేలు కూడా కానుక పెట్టెలోకి పోతాయి.

అప్పు తీరుతుందని, ఉద్యోగం పోదని, అక్క వెంటనే క్షమిస్తుందని మనం మాట ఇవ్వలేం. ఆమెకి కోపం వస్తుంది, రావాలి కూడా. మనం చెప్పగలిగింది వేరు. చేసినదాన్ని బట్టి దేవుడు నిన్ను పారేయలేదు. క్షమాపణ ఉంది, అది క్రీస్తు సిలువ మీద తన ప్రాణం పెట్టి ఇచ్చింది, నీ కన్నీళ్ళు చూసి ఇచ్చేది కాదు. అప్పు తీర్చడానికి ఐదేళ్ళు పట్టినా ఆ ఐదేళ్ళూ ఆయన నీతో ఉంటాడు. చావుతో కథ ముగిసిపోదు, ఆయన లేచాడు కాబట్టి మనమూ లేస్తాం. ఇంతే. ఇది చిన్నదేమీ కాదు. ఈస్టర్ తెల్లవారుజామున మా వైపు సమాధుల తోటకి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతాం, నువ్వూ చూసే ఉంటావు. ఆ ఏడే కొడుకుని పోగొట్టుకున్న తల్లి కూడా అక్కడ నిలబడి పాడుతుంది. ఆమెకి ఎవరూ డబ్బు వస్తుందని చెప్పలేదు, కొడుకు రేపు వస్తాడనీ చెప్పలేదు. అయినా పాడుతుంది. నిరీక్షణ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ తోటకే తీసుకెళ్తాను.

నీ సాక్ష్యం సంగతి. చెప్పు, కానీ టీ తాగినంత సేపట్లో అయిపోవాలి. మన సంఘాల్లో సాక్ష్యానికి ఒక అచ్చు తయారైంది. ముందు ఎంత చెడ్డగా ఉండేవాణ్ణో పెద్దగా, తర్వాత ఎంత మారిపోయానో ఇంకా పెద్దగా. నువ్వు చిన్నప్పటినుంచీ సండే స్కూలుకి వెళ్ళినవాడివి, నీకు అంత పెద్ద కథ లేకపోవచ్చు, కల్పించకు. నీతో ఆరు నెలలు ఒకే రూములో ఉన్నవాడికి నీ సంగతి అంతా తెలుసు. నీ కోపం తెలుసు, నీ బద్ధకం తెలుసు. ఇప్పుడు, ఈ మధ్య, దేవుడు నీ దగ్గర ఏం సరిచేయిస్తున్నాడో అది చెప్పు. "రేయ్, మా నాన్నతో నేను రెండేళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. మొన్న క్రిస్మస్‌కి వెళ్ళి సారీ చెప్పాను. చెప్పకముందు చాలా భయమేసింది. నాకు ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నీకు చెప్పాలనుంది, వింటావా?" ఇంతే చాలు. చివర్లో ఆ "వింటావా" ముఖ్యం. వద్దంటే ఆపేయాలి, అలిగి కాదు, మామూలుగా.

రక్తము, అభిషేకము, విడుదల, ఆత్మల సంపాదన లాంటి మన సంఘం మాటలు వాడి దగ్గర వాడకు. అర్థం కావు, కొన్ని భయపెడతాయి కూడా. ప్రార్థన చేస్తానంటే ముందు అడుగు. సరే అంటే మామూలు గొంతుతో, నాలుగు మాటల్లో, వాడి పేరు, వాళ్ళ అక్క పేరు చెప్పి చెయ్యి. పక్క రూమువాళ్ళు లేచి రావాల్సిన పని లేదు. చదువుతానంటే లూకా సువార్త ఒక్కటి ఇవ్వు. 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు కూడా ఇంటి డబ్బు తగలేసినవాడే. కథ మొత్తం వాణ్ణే చదవనివ్వు, నువ్వు మధ్యలో వ్యాఖ్యానం చేయకు. తండ్రి పరిగెత్తుకుంటూ వచ్చే చోట వాడే ఆగుతాడు.

వాళ్ళ అమ్మగారి విషయం. వాళ్ళ దేవుళ్ళ గురించి ఒక్క తక్కువ మాట నీ నోట రాకూడదు. ఎఫెసులో పౌలు మీద అంత గొడవ జరిగినప్పుడు, ఆ పట్టణపు కరణమే లేచి, వీళ్ళు మన దేవతను దూషించలేదని చెప్పాడు (అపొస్తలుల కార్యములు 19:37). బయటివాడే అలా సాక్ష్యం ఇచ్చేలా పౌలు మాట్లాడాడన్నమాట. రూములో వాడు పెట్టుకున్న ఫోటో జోలికి వెళ్ళకు. "మీ అమ్మకి చెప్పకు" అని మాత్రం ఎప్పుడూ అనకు. ఇప్పటికే ఇంట్లో దాచిపెట్టిన సంగతులతో కుంగిపోతున్నవాడికి ఇంకో రహస్యం నేర్పడం మారుమనస్సు కాదు. ఆమె ఫోన్ చేసి నిన్ను అడిగితే, అవునమ్మా, నేను నమ్మేది చెప్పాను, బలవంతం చేయలేదు అని చెప్పు. అది నిజమై ఉండాలి, అంతే.

చట్టం గురించి అడిగావు. రాజ్యాంగం 25వ అధికరణం ప్రకారం తన మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి అందరికీ హక్కుంది, శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యాలకు లోబడి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కు అంటే ఇంకొకరిని మార్చే హక్కు కాదని స్పష్టంగా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి చట్టం ప్రకారం తిరుమల లాంటి ప్రకటిత పుణ్యక్షేత్రాల్లో వేరే మతం ప్రచారం నిషేధం. కొన్ని రాష్ట్రాల్లో మత మార్పిడి చట్టాలు కఠినంగా ఉన్నాయి, అక్కడికి ట్రాన్స్‌ఫర్ అయితే తెలుసుకుని మసలుకోవాలి. స్నేహితుడు అడిగితే రూములో కూర్చుని నీ నమ్మకం చెప్పడం తప్పు కాదు. డబ్బు ఆశ చూపడం, భయపెట్టడం, మోసం చేయడం చట్టానికి ముందు సువార్తకే తప్పు. ఇంకొక్కటి. ఎప్పుడైనా ఒకరు బాప్తిస్మం వరకూ వస్తే, దానివల్ల సర్టిఫికెట్ల విషయంలో వచ్చే మార్పులు దాచకుండా ముందే చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకి ఎస్సీ హోదా వర్తించదు, మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సీలోకి వస్తారు. ఈ మాట చెప్పకుండా నీళ్ళలోకి దింపే పాస్టర్లంటే నాకు మంట.

సంఘానికి తీసుకెళ్ళాలా అంటే, వాడు వస్తానంటే పెద్ద కూడికకి కాకుండా ఎవరింట్లోనైనా జరిగే చిన్న ప్రార్థనకి తీసుకెళ్ళు. వెళ్ళేముందు ఆ ఇంటివాళ్ళకి గట్టిగా చెప్పు, వీణ్ణి లేపి నిలబెట్టి సాక్ష్యం అడగవద్దని, అప్పుల సంగతి నోరెత్తవద్దని. మన వాళ్ళకి ఇతరుల కష్టం ప్రార్థనాంశం పేరుతో ఊరంతా పంచే అలవాటుంది. మీ సంఘంలోనే ఐపీఎల్ రోజుల్లో పందేలు కాసే కుర్రాళ్ళు ఎంతమంది ఉన్నారో కూడా ఒకసారి చూసుకో. వాడు వచ్చి వెనక బెంచీలో వాళ్ళని చూస్తే ఏమనుకుంటాడు?

అన్నీ చేశాక కూడా వాడు "నాకు ఇవన్నీ వద్దురా" అనవచ్చు. ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి తనతో రమ్మంటే, ఆస్తిపరుడైన ఒక యువకుడు యేసు దగ్గర నుంచి దుఃఖపడుతూ వెళ్ళిపోయాడు. మార్కు 10లో, యేసు అతన్ని చూసి ప్రేమించాడని రాసి ఉంది. వెనకాల పరిగెత్తలేదు, షరతు తగ్గించలేదు, తిట్టనూ లేదు. వాడు వద్దన్నా సరే, కాగితం మీద లెక్కలు రాయించడం, ఫోన్ కాల్ అప్పుడు పక్కన కూర్చోవడం, రాత్రి అన్నం వండటం మానకు. మానితే ఆ పనులన్నీ దేనికోసం చేశావో వాడికి తెలిసిపోతుంది.

ముందు అక్క సంగతి చూడండి. ఆమెతో మాట్లాడాక ఏమన్నదో నాకు రాయి. పెళ్ళి తేదీ పెట్టేసి ఉంటే అది కూడా చెప్పు. అలాగైతే అమ్మగారి కంటే ముందు మేనమామతోనో, ఇంట్లో నిదానంగా వినగలిగే ఇంకో పెద్దమనిషితోనో మాట్లాడించాల్సి రావచ్చు.